రూపాయిన్నర బాకీ

నాన్న పోయి ఏడాదైంది. ఆ రోజున నలుగురికీ భోజనాలు పెట్టుకుందామని ఊరెళితే, అమ్మ అటక మీది పెద్ద గిన్నెలు దించమంది. గిన్నెల వెనకాల గోనెపట్టాలో చుట్టి ఉంది నాన్న క్యాష్ బ్యాగు. విప్పగానే గుప్పుమని వాసన. తోలు వాసన, చెమట వాసన, పాత నోట్ల వాసన, అన్నిటినీ మించి చిల్లర పైసల వాసన. నాణేన్ని గుప్పిట్లో చాలాసేపు పట్టుకుంటే చేతికి అంటుకుంటుందే, ఆ వాసన. రాత్రి ఏ పదకొండింటికో డ్యూటీ దిగి వచ్చిన నాన్న నా తల మీద చెయ్యి వేస్తే వచ్చే వాసన అది. కళ్ళు తెరవకుండానే తెలిసిపోయేది నాన్న వచ్చాడని.

మా నాన్న ఆర్టీసీ కండక్టరు. దివిసీమ రోడ్ల మీద ముప్పై ఏళ్ళు చేశాడు. మొదట్లో పల్లెవెలుగు అన్న పేరు లేదు, అందరం ఎర్రబస్సు అనేవాళ్ళం. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, ఒక్కోసారి బందరు, ఒక్కోసారి పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ. ఈ ఊళ్ళ పేర్లు నేను బడికి వెళ్ళకముందే వరసగా అప్పజెప్పేదాన్ని, ఎందుకంటే నాన్న నిద్రలో కూడా స్టేజీలు పిలిచేవాడు.

బ్యాగు లోపలి అరలో అరచేయంత నోటు పుస్తకం ఒకటి దొరికింది. మాకు తెలిసిన పుస్తకమే, కాకపోతే చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అట్ట ఊడిపోయింది. లోపల నాన్న రాత, బస్సు కుదుపులకి వంకరపోయిన అక్షరాలు.

"ఎర్ర చీర, చంకలో పిల్ల. మోపిదేవి. 0.75."

"బడిపిల్లలు ఇద్దరు. చల్లపల్లి. ఇద్దరికీ కలిపి 1.00."

"మాస్టారు, గొడుగు. 2.00."

ఇచ్చేసిన వాటికి అడ్డంగా గీత. ఇవ్వని వాటికి గీత లేదు.

అప్పట్లో ఆర్టీసీ బస్సెక్కిన వాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కండక్టరు దగ్గర చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనకాల బాకీ రాసిచ్చి "దిగేటప్పుడు తీసుకోండి" అంటాడు. లేదా ఇద్దరికి కలిపి ఒక నోటు చేతిలో పెట్టి మీరూ మీరూ చూసుకోండి అంటాడు. దిగే కంగారులో, సంచులు, పిల్లలు, గంపలు సర్దుకునే గోలలో సగం మంది మర్చిపోతారు. మర్చిపోయినదాన్ని టీ ఖర్చులకి వేసుకునే వాళ్ళూ ఉండేవాళ్ళు. నాన్న వేసుకునేవాడు కాదు. "అది మన డబ్బు కాదు, మన దగ్గర మర్చిపోయిన డబ్బు" అనేవాడు. పైగా బ్యాగులో లెక్కకి మించి డబ్బు కనపడితే చెకింగ్ వాళ్ళు కేసు రాస్తారు, డ్యూటీ ఎక్కేటప్పుడు సొంత డబ్బు ఎంత ఉందో కూడా రాసివ్వాలి. అందుకని పుస్తకంలో వివరంగా రాసుకునేవాడు. పేర్లు తెలియవు గనక చీర రంగు, గొడుగు, చేతి సంచీ, ఏ స్టేజీలో దిగారు. అదే రూటు, అవే మనుషులు. వారంలోపు ఎక్కడో ఒకచోట మళ్ళీ కనపడేవాళ్ళు. కనపడగానే ముందు బాకీ చేతిలో పెట్టి, తర్వాత టిక్కెట్టు కొట్టేవాడట. "మొన్నటిదండీ" అని ఒక్క మాట. చాలామందికి తమకి రావాల్సి ఉందన్న సంగతే గుర్తుండేది కాదు.

*

టిక్కెట్టు కొట్టేటప్పుడు మొహం చూడకూడదు, చెయ్యి చూడాలి అనేవాడు నాన్న. చెయ్యి చూస్తే డబ్బులు కనపడతాయి, మొహం చూస్తే ఊళ్ళో వాళ్ళ స్థానం కనపడుతుంది, దాన్నిబట్టి గొంతు మారిపోతుంది అనేవాడు.

ఈ మాట విలువ తెలియాలంటే మా సంగతి చెప్పాలి. మాది ఊళ్ళో కాదు, ఊరవతల దళితుల పేటలో. మా తాత వేలిముద్ర మనిషి, పాలేరుతనం చేశాడు. పేటలో మొదటి గవర్నమెంటు లాంటి ఉద్యోగం నాన్నది. ఖాకీ బట్టలు వేసుకుని బస్సులో నిలబడితే మోతుబరులు కూడా "కండక్టర్ గారూ, ఒక బెజవాడ" అనేవాళ్ళు. డ్యూటీ దిగి, లుంగీ కట్టుకుని, సైకిల్ మీద ఊళ్ళోంచి వస్తుంటే అదే మనుషులు అరుగు మీంచి "ఏరా, ఇవాళ నైటౌటు లేదా?" అనేవాళ్ళు. పొద్దున గారు, సాయంత్రం ఏరా. మధ్యలో మారింది చొక్కా ఒక్కటే. సైకిల్ మీద ముందు కడ్డీ మీద నేను కూర్చుని ఉండేదాన్ని. హ్యాండిల్ పట్టుకున్న నాన్న చేతులు అప్పుడు ఎలా బిగుసుకునేవో నాకు బాగా దగ్గరగా తెలుసు.

అందుకేనేమో బస్సులో మాత్రం నాన్న అందరినీ మీరు అనేవాడు. తేడా లేకుండా అందరినీ. కలుపు తీతకి వెళ్ళే ఆడవాళ్ళని, గేదెల్ని అమ్ముకోవడానికి సంతకి పోయేవాళ్ళని, బీడీ అడుక్కునే ముసలాయన్ని. వేసవి సెలవుల్లో నాన్నతో పాటు ట్రిప్పుకి వెళ్ళేదాన్ని, వెనక తలుపు పక్కన కండక్టరు సీట్లో కూర్చుని చూసేదాన్ని. ఒక ముసలమ్మ నిజంగానే బాధపడిపోయింది. "నన్ను మీరంటావేంటయ్యా, సిగ్గేస్తంది, నేనేం తప్పు చేశాను?" అని. నాన్న "అలవాటమ్మా, ఏమనుకోకండి" అన్నాడు. నెల తిరిగేసరికి ఆవిడ కూడా నాన్నని "కండక్టరు గారండీ" అనడం మొదలుపెట్టింది.

అందరూ అంత తేలిగ్గా తీసుకోలేదు. ఒకాయన, వరి, చెరుకు బాగా పండే పెద్ద కమతం ఉన్నాయన, ఒక రోజు అడిగేశాడు. "మమ్మల్నీ మీరే అంటావు, మా పాలేరునీ మీరే అంటావు. ఏం, తేడా ఉండక్కర్లేదా?" అప్పుడు నాన్న చెప్పిన జవాబు మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇద్దరి టిక్కెట్టూ రెండు రూపాయలేనండి." అంతే అన్నాడు. గొంతు పెంచలేదు. పంచ్ చేసిన టిక్కెట్టు రెండు చేతులతో ఇచ్చాడు ఆయనకి. వెనకాలే కూర్చున్న పాలేరుకి కూడా రెండు చేతులతోనే ఇచ్చాడు.

*

బస్సులో రాతలంటే నాకు ఇష్టం. తలుపు మీద, కిటికీల మీద, డ్రైవరు వెనకాల, ఎక్కడ చూసినా రాతలే. చేతులు, తల బయట పెట్టరాదు. పొగ త్రాగరాదు. చిల్లర ఇచ్చి సహకరించండి. టిక్కెట్టు లేని ప్రయాణం నేరం. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది వీటి మీదే. అన్నిటికన్నా పొడవైనది ముందు వరసల పైన ఉండేది: "స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం. వారికి కేటాయించిన సీట్లలో వారిని కూర్చోనిద్దాం."

ఆర్టీసీ బస్సు నంబర్లలో జెడ్ అక్షరం ఉంటుంది, చూసే ఉంటారు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు, నవాబుగారు వాళ్ళమ్మ జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం పెట్టించారని చెప్పుకుంటారు. నాన్న ఆ కథ చెప్పి, "బస్సు మీద ఒక తల్లి పేరుంది, లోపల తల్లుల్ని నిలబెడితే ఎలా?" అనేవాడు. ఈ ఒక్క రూలు విషయంలో మాత్రం చాలా పట్టుదలగా ఉండేవాడు.

ఆ పట్టుదల వల్లే ఒకసారి తప్పు చేశాడు. ఇది నాన్న స్వయంగా మాకు చెప్పుకున్న సంగతి, ఒకసారి కాదు, చాలాసార్లు.

మొదట్లో ఆయన పద్ధతి ఏమిటంటే, ఆడవాళ్ళ సీట్లో మగవాళ్ళు కూర్చుంటే లేవమని అనడు. పక్కన నిలబడి, "బాబూ, పైన ఏం రాసుందో కాస్త చదివి పెడతారా" అని మర్యాదగా అడుగుతాడు. చదువుతూ చదువుతూ మొహమాటపడి లేచిపోతారు. అందరూ నవ్వుకుంటారు, గొడవ లేకుండా అయిపోతుంది. ఒక రోజు అలాగే ఒక కుర్రాణ్ణి అడిగాడు. చంటిపిల్లతో ఒకావిడ కడ్డీ పట్టుకుని వేలాడుతోంది. ఆ కుర్రాడు పైకి చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. నోరు తెరవలేదు. వెనకాల ఎవరో "వేలిముద్రగాడు కండక్టరూ, ఏం చదువుతాడు" అన్నారు, బస్సంతా గొల్లుమంది. కుర్రాడు లేచాడు. వాడు దిగాల్సిన ఊరు ఇంకా నాలుగు స్టేజీలుంది. "ఆపండి" అని అక్కడే దిగిపోయి, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని ఆ ఎండలో కాలవగట్టు వెంట నడుచుకుంటూ పోయాడు. బస్సు వాడిని దాటుకుని వెళ్ళింది.

ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు. "మా నాన్న కూడా ఆ సీట్లో ఉంటే అలాగే పైకీ కిందికీ చూసేవాడు" అన్నాడట అమ్మతో.

తర్వాత ప్రతి ట్రిప్పులోనూ ఆ స్టేజీలో కిటికీలోంచి తొంగి చూసేవాడట. నెల పట్టింది. ఒక రోజు ఎక్కాడు ఆ కుర్రాడు. నాన్న టిక్కెట్టు కొడుతూ, "ఆ రోజు తప్పు నాదే, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. ఆ కుర్రాడు కాసేపు ఊరుకుని, "నేనూ లేవాల్సిందేలెండి. రాత చదవలేకపోయినా చంటిపిల్లతో నిలబడ్డ మనిషి కనపడుతుందిగా" అన్నాడట.

ఆ తర్వాతెప్పుడూ నాన్న ఎవరినీ చదవమని అడగలేదు. దగ్గరికి వెళ్ళి, వంగి, చెవి దగ్గర నెమ్మదిగా చెప్పేవాడు. గట్టిగా అరిస్తే పంతానికి కూర్చునే మనిషి కూడా చెవిలో చెబితే లేస్తాడని అంటుండేవాడు. మిగతా బస్సుకి ఏం జరిగిందో కూడా తెలిసేది కాదు. ఏదో దిగడానికి లేచాడేమో అనుకునేవాళ్ళు.

*

ఆ రోజులన్నీ బంగారం అని నేను అనను. నేను బందరులో కాలేజీకి వెళ్ళిన రెండేళ్ళూ పొద్దుటి బస్సంటే టెన్షన్. నాన్న బస్సు కాదు అది, వేరే ట్రిప్పు. కిక్కిరిసిన బస్సులో వెనకనించి మీద పడేవాళ్ళు, బ్రేకు వేసినప్పుడల్లా చెయ్యి ఎక్కడో తగిలించేవాళ్ళు. అమ్మకి చెబితే ఏమీ మాట్లాడకుండా తన జాకెట్టుకి ఉన్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. మా బస్సులో ఆడపిల్లలందరి దగ్గరా పిన్నీసులుండేవి. ఒకరికొకరం చెప్పుకోకపోయినా పిడికిళ్ళు చూస్తే తెలిసిపోయేది.

నాన్నకి ఈ విషయం నా పెళ్ళయ్యాక తెలిసింది. మాటల్లో నేనే అనేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "ముందు తలుపు దగ్గర సర్దితే సరిపోతుందనుకున్నానమ్మా, వెనకాల ఏం జరుగుతోందో చూడలేదు" అన్నాడు. ఇంకో ఆరేడేళ్ళ సర్వీసు ఉంది అప్పటికి. ఆ ఆరేడేళ్ళూ కాలేజీ టైము ట్రిప్పుల్లో టిక్కెట్లు అయిపోయినా తన సీట్లో కూర్చునేవాడు కాదట. ఆడపిల్లలు నిలబడ్డచోట, మధ్యలో, తనూ నిలబడేవాడు. ఇది నాకు నాన్న చెప్పలేదు, ఆయనతో చేసిన డ్రైవరు బాబాయ్ మొన్న భోజనాల రోజు చెప్పాడు.

*

సంక్రాంతికి బెజవాడ బస్టాండు చూసిన వాళ్ళకి తువ్వాళ్ళ యుద్ధం గుర్తుండే ఉంటుంది. బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాకముందే దాని వెంట పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలో కర్చీఫో సంచీయో సీటు మీద పడేస్తే, ఆ సీటు వాళ్ళది. ఏ చట్టంలోనూ లేదు, అయినా అందరూ ఒప్పుకునే హక్కు అది. తువ్వాలు తీసి పక్కన పడేసి కూర్చుంటే కొట్లాటే. కర్చీఫ్ వేశానండీ అంటే ఎంత పెద్దవాడైనా లేవాల్సిందే.

నాన్నకి ఈ పద్ధతి నచ్చేది కాదు. "నేను మనిషికి టిక్కెట్టు కొడతాను, గుడ్డకి కొట్టను" అనేవాడు. పరిగెత్తగలిగిన వాడికే సీటు దొరుకుతుంది, పరిగెత్తలేని ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు నిలబడాలి, ఇదేం న్యాయం అని. కానీ ఒక పండక్కి నేను పక్కనే ఉన్నాను. ఒకబ్బాయి అందరికన్నా ముందు పరిగెత్తి రెండు సీట్ల మీద తువ్వాలు వేశాడు, తీరా చూస్తే అవి వాళ్ళమ్మకీ నాన్నకీ. వాళ్ళని ఎక్కించి, కూర్చోబెట్టి, తను దిగిపోయాడు, తనకి ప్రయాణమే లేదు. నాన్న ఆ అబ్బాయిని చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత తువ్వాళ్ళ గురించి కొంచెం తక్కువ మాట్లాడేవాడు.

చేపల గంపల పంచాయితీ ఇంకోటి. నాగాయలంక వైపు నుంచి తెల్లవారుజామున చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు. గంప లోపల పెడితే వాసనని జనం గోల, టాపు మీద పెడితే కిటికీ పక్క వాళ్ళ మీద నీళ్ళు కారతాయని గోల. తోటి ప్రయాణికులకి ఇబ్బంది కలిగించే సామాను ఎక్కించకూడదని రూలుంది. ఆ రూలు చూపిస్తే వాళ్ళ పొట్ట మీద కొట్టినట్టే. "మేం టిక్కెట్టు కొనట్లేదా, మేం మనుషులం కాదా కండక్టరూ" అని వాళ్ళు అడిగితే నాన్న దగ్గర జవాబు లేదు. గుడికి పోయే తడిబట్టలావిడ "మా సంగతేంటి" అన్నా జవాబు లేదు. చివరికి ఇంటి నుంచి యూరియా సంచులు పట్టుకెళ్ళి, అడుగున పరిచి, గంపలు వెనక మూలకి చేర్చి, చుట్టూ తడి గోనె కప్పించేవాడు. సంచులు అమ్మ ఉతికేది. మా పెరట్లో తీగ మీద బట్టలకన్నా యూరియా సంచులే ఎక్కువ ఆరుతుండేవి.

*

ఇంకో సంగతి రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను.

ఒక స్టేజీలో టీ బడ్డీ ఉండేది. ఊరి పేరు రాయను. బస్సు పది నిమిషాలు ఆగేది, డ్రైవరూ నాన్నా అక్కడే టీ తాగేవాళ్ళు. ఖాకీ బట్టల్లో ఉన్న నాన్నకి అందరికీ ఇచ్చే గాజుగ్లాసులోనే ఇచ్చేవాళ్ళు. ఒక ఆదివారం, డ్యూటీ లేని రోజు, నాన్న లుంగీ కట్టుకుని, నన్ను సైకిలెక్కించుకుని ఆ ఊరిలో చుట్టాలింటికి తీసుకెళ్ళాడు. బడ్డీ దగ్గర ఆగి రెండు టీలు చెప్పాడు. బడ్డీ మనిషి నాన్న వైపు చూశాడు. పక్కన మా చుట్టం నిలబడి ఉన్నాడు, అతనెవరో ఆయనకి తెలుసు. చెయ్యి పైకెత్తి, తాటాకు చూరులో దోపి ఉన్న గ్లాసులు రెండు తీశాడు. అంచు మీద ఎర్ర రంగు చుక్క. వాటిని మనమే కడుక్కుని తాగి, మళ్ళీ కడిగి, మళ్ళీ చూరులో దోపాలి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఎర్ర చుక్క బాగుందనుకున్నాను.

నాన్న "నిన్న ఇచ్చిన గ్లాసులోనే ఇవ్వండి" అన్నాడు. బడ్డీ మనిషికి మాట పడిపోయింది. కోపంగా కూడా చూడలేదు ఆయన, నిజంగా ఇబ్బంది పడ్డాడు. "నిన్నంటే డ్యూటీ మీద వచ్చారు..." అన్నాడు. మీరు అనే అన్నాడు, అది కూడా గుర్తుంది నాకు. నాన్న రెండు టీల డబ్బులు బల్ల మీద పెట్టి, టీ తాగకుండా, నా చెయ్యి పట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు బస్సు ఆ స్టేజీలో ఆగినప్పుడు డ్రైవరు బాబాయ్‌కి సంగతి తెలిసింది. ఆయన ఊళ్ళో మనిషే, వేరే కులం. దిగలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాతెప్పుడూ ఆయన అక్కడ టీ తాగలేదు. ఒకరు చెబితే ఒకరు, మిగతా ట్రిప్పుల వాళ్ళూ మానేశారు. బస్సు జనం దిగకపోతే ఆ బడ్డీకి బేరమెక్కడిది? కొన్నాళ్ళకి అందరికీ స్టీలు గ్లాసులు పెట్టాడు, ఇంకొన్నాళ్ళకి ప్లాస్టిక్ కప్పులొచ్చాయి, తాగి పడేసేవి. చాలా ఊళ్ళలో చూరు గ్లాసులు అలాగే పోయాయి, మనసు మారి కాదు, కప్పులు మారి. పోతే పోయాయి, మా వాళ్ళకి అదీ తక్కువేం కాదు.

తర్వాత పెద్ద క్లాసుల్లో రాజ్యాంగం చదువుకుంటున్నప్పుడు 17వ అధికరణం వచ్చింది, అంటరానితనం రద్దు. 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరు పేరునా రాసి ఉంది, ఎవరినీ అడ్డుకోకూడదని. 1955లోనే అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది, దాన్నే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టం చేశారు. నేను పుట్టకముందు నుంచీ ఇవన్నీ ఉన్నాయి. పరుగున వెళ్ళి నాన్నకి చదివి వినిపించాను, ఆ టీ బడ్డీ మీద కేసు పెట్టొచ్చు తెలుసా అని. నాన్న "తెలుసమ్మా" అన్నాడు. "తెలుసు కాబట్టే 'నిన్నటి గ్లాసు' అని అడగగలిగాను. మా నాన్న అడగలేకపోయేవాడు."

*

నాకు పదమూడేళ్ళప్పుడు చుండూరు జరిగింది. 1991 ఆగస్టు 6. మాకూ దానికీ మధ్య కృష్ణ. అప్పటికి పులిగడ్డ నుంచి పెనుమూడికి వంతెన లేదు, పడవ మీద దాటేవాళ్ళం, అవతల మా చుట్టాలున్నారు. సినిమా హాల్లో ఒకరి కాలు ఇంకొకరికి తగిలిందన్న గొడవతో మొదలై, వెలివేత దాకా వెళ్ళి, చివరికి ఎనిమిది మంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. కాలు తగలడం! మా నాన్న బస్సులో రోజూ ఎన్ని వందల కాళ్ళు ఒకదానికొకటి తగులుతాయి!

ఆ వారం పేటలో ఎవరూ ఊళ్ళోకి వెళ్ళలేదు. రాత్రిళ్ళు మగవాళ్ళు వంతులవారీగా మేలుకున్నారు. అమ్మ నాన్నని సెలవు పెట్టమని ఏడ్చింది. నాన్న ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు. ఆ రోజు బస్సులో ఎవరూ మాట్లాడలేదట. చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చారట అందరూ. పొరపాటున కాలు తొక్కిన వాళ్ళు, ఎవరైనా సరే, వెంటనే చెయ్యి కళ్ళకద్దుకున్నారట. నాన్న ఇది చెబుతుంటే నాకు భయం వేసింది తప్ప ఊరట కలగలేదు.

ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసినప్పుడు నాన్న పేపరు మడత పెట్టి దిండు కింద పెట్టుకున్నాడు. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసినప్పుడు పేపరు చదివి బయట అరుగు మీద కూర్చున్నాడు, చీకటి పడేదాకా.

*

ఈసారి ఊరికి వెళ్ళేటప్పుడు బెజవాడలో పల్లెవెలుగే ఎక్కాను, కావాలనే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయింది కదా, స్త్రీశక్తి అని. హైదరాబాద్‌లో 2023 డిసెంబరు నుంచే ఉంది. కండక్టరు ఆడమనిషి. నాన్న చూస్తే ఎంత సంతోషించేవాడో. ఆధార్ కార్డు చూసి, మిషన్‌లోంచి టిక్కెట్టు చించి ఇచ్చింది. ఛార్జీ దగ్గర సున్నా.

ఉయ్యూరులో కిటకిటలాడిపోయింది. ఒక పెద్దాయన, పంచెకట్టు, చేతిలో ఆసుపత్రి సంచీ, గట్టిగానే అన్నాడు. "డబ్బులు పెట్టి కొన్నోళ్ళం నిలబడాలి, ఫ్రీగా ఎక్కినోళ్ళు కూర్చోవాలి. బాగుంది." నా పక్కన కూర్చున్నావిడ పత్తికో మిరపకో కూలికి వెళ్ళొస్తున్నట్టుంది, గోళ్ళు నల్లబడి ఉన్నాయి. ఆ మాట వినగానే ఉలిక్కిపడి లేవబోయింది, ఏదో దొంగతనం చేసి దొరికినట్టు. కండక్టరమ్మాయి అక్కణ్ణించే, "కూర్చోండమ్మా. సున్నా ఉన్నా అది టిక్కెట్టే" అంది.

నాకు నాన్న గొంతు వినపడింది. కానీ ఆ పెద్దాయన మోకాళ్ళు వణుకుతున్నాయి, నేను చూస్తూనే ఉన్నాను, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. "బాబాయ్ గారూ, ఇలా కూర్చోండి, నాకు నిలబడటం ఇబ్బందేం లేదు" అన్నాను. వద్దన్నాడు. మళ్ళీ అంటే కూర్చున్నాడు. పామర్రు దాటేసరికి ఆ కూలి ఆవిడా ఆయనా మోకాళ్ళ నొప్పుల మందుల గురించి మాట్లాడుకుంటున్నారు, ఏ నూనె పనిచేస్తుంది, ఏది చెయ్యదు అని. వెనకాల ఎవరో ఫోన్లో వీడియోలు ఫుల్ సౌండుతో పెట్టుకున్నారు, వాళ్ళ మాటలు నాకు సగమే వినపడ్డాయి. చల్లపల్లిలో సీటు దొరికేదాకా నిలబడే వెళ్ళాను.

*

నోటు పుస్తకంలో చివరి పేజీల్లో గీత పడనిది ఒక్కటే ఉంది.

"తాతగారు, వల సంచీ, నీలం చొక్కా. కోడూరు. 1.50."

అమ్మని అడిగితే వెంటనే చెప్పింది. "దాని గురించి రిటైరయ్యాక కూడా అడిగాడే. ఆ తాత మళ్ళీ బస్సెక్కలేదు. కోడూరు వెళ్ళినప్పుడల్లా ఆరా తీసేవాడు. బ్యాగులో చిన్న అర చూడు, డబ్బు అందులోనే పెట్టాడు."

చూశాను. బీడీకట్ట కాగితంలో మడిచి రూపాయి బిళ్ళ ఒకటి, అర్ధరూపాయి బిళ్ళ ఒకటి. పావలా బిళ్ళలు 2011లో అధికారికంగా చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి లెక్కప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, ఇస్తే ఏ కొట్లోనూ తీసుకోరు. బిళ్ళలు నల్లబడిపోయాయి. మడత విప్పి మళ్ళీ అలాగే మడిచి లోపల పెట్టాను.

"బ్యాగు మళ్ళీ అటక మీద పెట్టనా?" అంటే అమ్మ, "వద్దు, నువ్వు పట్టుకెళ్ళు. దారిలోనేగా కోడూరు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోడూరులో రెండు నిమిషాలు ఆగింది. చెట్టు కింద అరుగు మీద ముగ్గురు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి తల కొంచెం బయటికి పెట్టి చూశాను, ఎవరి చేతిలోనైనా వల సంచీ ఉందేమోనని. "తల లోపల పెట్టుకోండమ్మా" అని కండక్టరు దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు.